పిల్లల తప్పులు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డిగ్రీ అయిపోయింది, ఉపాధ్యాయ శిక్షణ కోర్సులో చేరబోతున్నారు. ‘కాలేజీలో చెప్పేదంతా సిద్ధాంతమే, తరగతి గదిలో ఒక్కటీ పనికిరాదు, అన్నీ ఉద్యోగంలో చేరాకే తెలుస్తాయి’ అని ఇప్పటికే బడిలో పనిచేస్తున్నవాళ్లు మీతో అన్నారు. అది నిజమేనా, అయితే ఈ కాలాన్ని ఎలా వాడుకోవాలి అని అడిగారు. పైగా మీది చిన్న గొంతు, నలుగురి ముందు మాట్లాడాలంటే బెరుకు, అది అడ్డం వస్తుందా అని కూడా అడిగారు.

మొదటిదానికి సూటిగా చెబుతాను. వాళ్లు చెప్పినదాంట్లో సగమే నిజం. తరగతిని నడపడం ఉద్యోగంలోనే అలవడుతుంది. కాని ఒక పిల్లవాడి ఆలోచన ఎక్కడ దారి తప్పిందో తీరిగ్గా కూర్చుని చూసే అవకాశం శిక్షణ కాలంలోనే ఉంటుంది. ఉద్యోగంలో చేరాక రోజుకు ఐదారు పీరియడ్లు, దిద్దవలసిన నోటు పుస్తకాల దొంతర, పరీక్షలు, రిజిస్టర్లు. వెనక బెంచీ మీద కూర్చుని పీరియడంతా ఒకే ఒక్క అమ్మాయిని గమనించే తీరిక అప్పుడు ఎవరిస్తారు? శిక్షణలో ఉన్నవాళ్లకు అది పనిలో భాగం. చాలామంది ఆ సమయాన్ని చార్టులకు రంగులు దిద్దడంలో గడిపేస్తారు. నేనూ అదే చేశాను, అందుకే ఇంత కచ్చితంగా చెబుతున్నాను.

నేను 24 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను, అవసరం పడితే సైన్సు కూడా. గత 9 ఏళ్లుగా ఛాత్రోపాధ్యాయులు, అంటే శిక్షణలో ఉండి బోధనాభ్యాసానికి (బడిలో పాఠాలు చెప్పి చూడడానికి) వచ్చేవాళ్లు, నా తరగతిలో కూర్చుంటున్నారు. కాబట్టి బల్లకు రెండు వైపుల నుంచీ చూసిన సంగతులివి.

నా శిక్షణలో ఒక రోజు దశాంశాల పాఠం. పాఠం ఎలా నడపాలో ముందే రాసుకునే పాఠ్యపథకాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. పర్యవేక్షకులు వచ్చి వెనక కూర్చున్నారు. నల్లబల్లను భాగాలుగా చేసి, రంగు సుద్దలతో పదో వంతు, నూరో వంతు గీసి చూపించి, చివర ‘అర్థమైందా?’ అని అడిగాను. ‘అర్థమైంది’ అని తరగతంతా ఒకే గొంతుతో పలికింది. పర్యవేక్షకులు బాగుందని రాసి సంతకం చేసి వెళ్లారు. ఆ తరగతి అసలు ఉపాధ్యాయురాలు మాత్రం నన్నేమీ అనలేదు. లేచి వెళ్లి బల్ల మీద 0.8, 0.35 అని రాసి, వీటిలో ఏది పెద్దదో కాగితం మీద రాయమన్నారు. సగానికి పైగా పిల్లలు 0.35 అని రాశారు. ఎనిమిది కన్నా ముప్పై అయిదు పెద్దది కదా మరి!

అక్కడితో ఆగి ఉంటే ఆ రోజు నాకు మిగిలేది అవమానమే. ఆవిడ ఆగలేదు. సరైన జవాబు రాసినవాళ్లలో ఒక అబ్బాయిని లేపి, ఎందుకలా రాశావని అడిగారు. ‘పాయింటు తర్వాత అంకెలు తక్కువుంటే పెద్ద సంఖ్య టీచర్. పదో వంతు నూరో వంతు కన్నా పెద్దది కదా’ అన్నాడు. వెంటనే బల్ల మీద 0.4, 0.63 రాశారు. వాడు తడుముకోకుండా 0.4 పెద్దదన్నాడు. ఇందాక తప్పు రాసిన పిల్లలేమో ఈసారి అందరూ సరిగా చెప్పారు, నాలుగు కన్నా అరవై మూడు పెద్దది కాబట్టి.

ఒకే గదిలో రెండు తప్పుడు సూత్రాలు. మొదటి ప్రశ్నకు ఒకటి సరైన జవాబు తెచ్చిపెట్టింది, రెండో ప్రశ్నకు రెండోది. ఒక్క ప్రశ్నే ఇచ్చి మార్కులు వేసి ఉంటే ఆ అబ్బాయికి దశాంశాలు వచ్చని నమ్మేవాళ్లం. వాడి సూత్రం కూడా గాలిలో పుట్టింది కాదు. పదో వంతు పెద్దదని బల్ల మీద బొమ్మ గీసి చూపించింది నేనే. ఆ సాయంత్రం ఒక నోటు పుస్తకం కొన్నాను. ఇప్పటికి అలాంటివి పదకొండు నిండాయి.

మీరూ అదే చేయండి. పద్ధతి పెద్దదేమీ కాదు. ఎడమ పేజీలో పిల్లలు రాసినదాన్ని, అన్నదాన్ని వాళ్ల మాటల్లోనే రాయండి. ‘ఎలా చేశావో నాకు చెప్పవా’ అని అడిగి, చెప్పినదాన్ని కుడి పేజీలో రాయండి. అడిగే తీరు ముఖ్యం. ‘ఎందుకిలా చేశావు?’ అంటే పిల్లలు అది నేరమనుకుని గబగబా చెరిపేస్తారు. సరైన జవాబు వచ్చినప్పుడు కూడా అదే ప్రశ్న, అదే స్వరంతో అడుగుతూ ఉంటే కొన్నాళ్లకు భయం పోతుంది. జవాబు తప్పని రాసుకుంటే మీకు దక్కేదేమీ లేదు, అది ఎలా వచ్చిందో రాసుకోవాలి.

52 నుంచి 17 తీసేస్తే 45 అని రాసే పిల్లలు మీకు తప్పకుండా కనిపిస్తారు. పరధ్యానం అని కొట్టిపారేయకండి. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశారు, అంతే. ప్రతి లెక్కలోనూ అలాగే చేస్తారు. అంటే వాళ్లకు ఒక నియమం ఉంది, దాన్ని నమ్మకంగా పాటిస్తున్నారు. 8 + 4 = □ + 5 ఇచ్చి చూడండి. గడిలో చాలామంది 12 వేస్తారు, కొందరు 17 వేస్తారు. సమాన గుర్తు అంటే ‘ఇక్కడ జవాబు రాయి’ అని వాళ్ల లెక్క. రెండు వైపులా సమానం అన్న అర్థం వాళ్లకు ఎవరూ చెప్పలేదు, మనం ఇచ్చిన లెక్కల్లో గుర్తుకు కుడి పక్కన ఎప్పుడూ ఒక్క సంఖ్యే ఉండేది. ఇదే పిల్లలు పైతరగతిలో బీజగణితం దగ్గర కూలబడితే తప్పు బీజగణితానిది కాదు.

సైన్సులోనూ ఇంతే. ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా వెళుతుందని పెద్దవాళ్లు కూడా అంటారు. నిజానికి ఉత్తరార్ధగోళంలో చలిగా ఉండే జనవరి మొదట్లోనే భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది. రుతువులు అక్షం వంపు వల్ల వస్తాయి. చెట్టు బరువంతా మట్టిలోంచి వస్తుందన్నది మరో గట్టి నమ్మకం. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన తొట్టిలో విల్లో మొక్క నాటి అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు బరువు 70 కిలోలకు పైగా పెరిగింది, మట్టి పట్టుమని 60 గ్రాములైనా తగ్గలేదు. అయితే ఆయన కూడా అదంతా నీళ్ల నుంచే వచ్చిందని పొరబడ్డాడు, గాలి సంగతి తట్టలేదు. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడల్లా తప్పు జవాబు చెప్పిన పిల్లల ముఖం వెలుగుతుంది. అంత పెద్దమనిషి కూడా తప్పాడా అని!

చిన్న తరగతులకు చెప్పబోతున్నారా? అప్పుడు పుస్తకం ఇంకా త్వరగా నిండుతుంది. ‘మ’ని ‘య’ అని చదివే పిల్లలకు చూపు లోపమేమీ ఉండకపోవచ్చు. రెండక్షరాలకూ మధ్య తేడా ఎక్కడుందో ఎవరూ వేలు పెట్టి చూపించి ఉండరు.

ఇదంతా నా ఒక్కరి చాదస్తం కాదు. ఉపాధ్యాయ విద్యలో పేరున్న లీ షుల్‌మన్ 1986లో ఒక మాట గట్టిగా చెప్పారు. సబ్జెక్టు రావడం ఒకటి, బోధన పద్ధతులు తెలియడం ఒకటి, ఈ రెండూ కలిసినా చాలవు. ఫలానా పాఠంలో పిల్లలకు ఏది కష్టం, దాని గురించి ఏ అభిప్రాయాలతో వాళ్లు గదిలోకి వస్తారు అన్న మూడో జ్ఞానం ఒకటుంది, ఉపాధ్యాయుల ప్రత్యేకత అదే అన్నారు. అంతకు ముందే, 1969లో, ఫ్రాన్సిస్ ఫుల్లర్ అనే పరిశోధకురాలు కొత్తగా బోధించేవారి ఆందోళనలను పరిశీలించారు. మొదట్లో ఆలోచనలన్నీ తమ చుట్టూ తిరుగుతాయి: నేను సరిపోతానా, తరగతి నా మాట వింటుందా. పిల్లలు ఏం నేర్చుకుంటున్నారన్న చింత తర్వాతే వస్తుంది. కాబట్టి మొదటి వారాల్లో మీకు మీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్నదే ప్రపంచ సమస్యగా తోస్తే సిగ్గుపడకండి. నోటు పుస్తకం చేతిలో ఉంటే చూపు కాస్త త్వరగా పిల్లల వైపు మళ్లుతుంది. నాకు అది చేసిన మేలు అంతే.

ఇక కోర్సు మొదలయ్యే లోపు చేయవలసిన పని ఒకటుంది. మీ సబ్జెక్టులో బడి పాఠ్యపుస్తకాలను కింది తరగతి నుంచి వరసగా చదవండి, లెక్కలైతే చేయండి. డిగ్రీ చదివినవాళ్లకు ఇది చిన్నతనంగా ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ఛాత్రోపాధ్యాయులను మొదటి రోజే అడుగుతాను: భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తిరగేస్తాం? కలనగణితం మంచినీళ్లప్రాయంగా చేసేవాళ్లు కూడా ‘అది నియమం కదండీ’ అంటారు. ముప్పావు లీటరు పాలను అర లీటరు సీసాల్లో పోస్తే ఎన్ని సీసాలు? ఒక లీటరుకు రెండు సీసాలు, ముప్పావుకు అందులో ముప్పావు వంతు, అంటే ఒకటిన్నర. తిరగేసినప్పుడు వచ్చిన ఆ రెండు ‘ఒక లీటరుకు ఎన్ని సీసాలు’ అన్నదే. ఇది విడమరిచి చెప్పుకోలేనివాళ్లు తరగతిలో నియమాన్నే అరిచి చెబుతారు, ఇంకేం చేస్తారు?

సిద్ధాంతం పనికిరాదన్న మాటకు వద్దాం. డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో వేసిన లెక్క ప్రకారం ఉన్నత పాఠశాల ముగిసేసరికి విద్యార్థి దాదాపు 13,000 గంటలు ఉపాధ్యాయుల ఎదుట గడుపుతాడు. అంటే శిక్షణలో చేరే రోజుకే మనకు బోధన గురించి బోలెడు ‘అనుభవం’ ఉంటుంది, అదంతా బెంచీ మీద నుంచి చూసినది. వంటగదిలో అడుగు పెట్టకుండా విస్తరి ముందు కూర్చుని వంట నేర్చుకున్నట్టు. సిద్ధాంతం చదవకపోతే మనం స్వేచ్ఛగా ఏమీ బోధించం, మనకు చెప్పినవాళ్లనే అనుకరిస్తాం. మా మాస్టారి దగ్గు కూడా నాకు వచ్చేసిందని నా భార్య వేళాకోళం చేసేది.

అయితే కాలేజీలో చెప్పినదంతా వేదమని కూడా అనుకోకండి. కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారు, ఎవరి శైలికి తగ్గట్టు వాళ్లకు బోధించాలి అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి కొందరు మనస్తత్వవేత్తలు దానికున్న ఆధారాలను జల్లెడ పడితే తగినన్ని లేవని తేలింది. అదే సమయంలో, బోరు కొట్టించే పాత పద్ధతి అనిపించే చిన్న పరీక్షకు గట్టి ఆధారం ఉంది. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చదివాక పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. పీరియడ్ మొదట్లో నేను మూడు పాత ప్రశ్నలు వేసేది ఇందుకే. మార్కులు వేయను. పిల్లలు దాన్ని పరీక్ష అని కూడా అనుకోరు.

పాఠ్యపథకాల సంగతి. అవి చాంతాడంత ఉంటాయి, నిజమే. ఉద్యోగంలో ఎవరూ అంత పొడుగు రాయరు. సీనియర్ల రికార్డు తెచ్చి దింపేయడం తేలిక, చాలామంది చేసేదీ అదే. నేను అడిగేది ఒక్కటే. కాలేజీ కోరిన నమూనాలో మొక్కుబడిగానైనా రాసుకోండి కాని, వెనక పేజీలో మీకోసం రెండు సంగతులు రాసుకోండి: ఆ రోజు మీరు అడగబోయే ప్రశ్నలు అక్షరం పొల్లుపోకుండా, ఒక్కో ప్రశ్నకు వస్తాయనుకుంటున్న తప్పు జవాబులు. నోటు పుస్తకం అక్కరకొచ్చేది ఇక్కడే. తరగతి ముగిశాక చూసుకుంటే మీరు ఊహించినవి ఎన్ని వచ్చాయో తెలుస్తుంది. మొదట్లో నాకు పదింటికి ఒకటి తగిలేది. ఊహించనివే ఎక్కువ నేర్పాయి.

ప్రశ్న అడిగాక ఆగండి. మాట వినడానికి సులువు, చేయడం నరకం. 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతులను రికార్డు చేసి చూస్తే, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, జవాబు చెప్పనివాళ్లు కూడా నోరు విప్పారు. నిశ్శబ్దంలో మూడు సెకన్లు ఎంత పొడుగో నిలబడి చూస్తే తెలుస్తుంది. నేను కాలి బొటనవేలితో నేల మీద మూడుసార్లు తట్టుకునేవాణ్ణి. ఇప్పటికీ కొన్నిసార్లు తట్టుకుంటాను.

సూక్ష్మబోధన, అంటే తోటివాళ్ల ముందు ఒక్కో నైపుణ్యం కోసం చిన్న పాఠం చెప్పి చూడడం, చాలామందికి నాటకంలా అనిపిస్తుంది. తోటి విద్యార్థులే పిల్లల్లా కూర్చుంటారు, వాళ్లకు జవాబులన్నీ తెలుసు, నవ్వు ఆపుకోవడమే పెద్ద పని. 1960ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దీన్ని రూపొందించినప్పుడు అందులో ప్రాణం లాంటి మెట్టు ఒకటుండేది: కొద్ది నిమిషాల పాఠం చెప్పి, లోపాలు విని, సరిదిద్దుకుని అదే నైపుణ్యాన్ని మళ్లీ చేసి చూపడం. సమయం చాలదని ఆ మళ్లీ చేయడాన్నే ఎగరగొడతారు. మీరు మాత్రం పట్టుబట్టి చేయండి, లేదా సాయంత్రం ఇద్దరు స్నేహితులను కూర్చోబెట్టుకుని చేయండి. ఫోనులో రికార్డు చేసుకోండి. ఒక ఛాత్రోపాధ్యాయుడు తన ఎనిమిది నిమిషాల రికార్డు విని, తాను అడిగిన పద్నాలుగు ప్రశ్నల్లో పదకొండింటికి తానే జవాబు చెప్పుకున్నాడని లెక్కపెట్టుకొచ్చాడు. నేను చెప్పి ఉంటే నొచ్చుకునేవాడు.

బడికి వెళ్లాక మీకు అప్పగించిన ఉపాధ్యాయుల దగ్గర ‘నా పాఠం ఎలా ఉంది?’ అని అడగకండి. ‘బాగుంది’ అంటారు, కథ ముగుస్తుంది. ‘ఈ రోజు మూడో వరసలోని పిల్లలు ఎప్పుడెప్పుడు పక్కకు తిరిగారో రాసిపెట్టరా’ అని ఒక్క పని అప్పజెప్పండి. అందరూ ఒప్పుకోరు. తరగతిని మీ చేతిలో పెట్టి స్టాఫ్ రూమ్‌కు వెళ్లిపోయేవాళ్లూ తగులుతారు. అప్పుడు తోటి ఛాత్రోపాధ్యాయుల్లో ఒకరితో ఒప్పందం చేసుకోండి, మీ పీరియడ్ వాళ్లు చూస్తారు, వాళ్లది మీరు చూస్తారు.

ఒక హెచ్చరిక. ఈ నోటు పుస్తకం పెట్టుకున్నంత మాత్రాన మొదటి ఏడాది గండం గడవదు. అల్లరి తరగతి ముందు పిల్లల ఆలోచనా విధానం గురించి మీకున్న జ్ఞానమంతా ఆవిరైపోతుంది. జేకబ్ కూనిన్ అనే మనస్తత్వవేత్త తరగతుల వీడియోలు చూసి 1970లో రాసినదాన్ని అప్పుడు గుర్తు చేసుకోండి: అల్లరి జరిగాక ఎలా మందలించారన్న దాంట్లో మంచి తరగతులకూ చెడ్డ తరగతులకూ పెద్ద తేడా కనిపించలేదు. తేడా అంతా ముందే ఉంది. గదిలో ఏ మూల ఏం జరుగుతోందో ఉపాధ్యాయుడికి తెలుసని పిల్లలకు తెలియడం, ఒక పని నుంచి మరో పనికి జారేటప్పుడు ఖాళీ రాకుండా చూడడం. బల్ల వైపు తిరిగి అయిదు నిమిషాలు రాస్తూ నిలబడితే ఎవరికైనా తరగతి చెదిరిపోతుంది. పక్కకు తిరిగి, భుజం పిల్లల వైపు ఉంచి రాయడం శిక్షణలోనే అలవాటు చేసుకోండి. ఖాళీ గదిలో కూడా సాధన చేయవచ్చు.

ఇక మీ గొంతు, బెరుకు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో గదిని బాగా పట్టుకున్న ఒకామె మాట రెండో వరస దాటి వినిపించేది కాదు. పెంచమని నేనే మొదట పోరు పెట్టాను, తప్పు చేశాను. ఆమె గట్టిగా అరిస్తే పిల్లలు ఇంకా గట్టిగా మాట్లాడేవాళ్లు. తర్వాత ఆమే దారి కనిపెట్టింది. చెప్పవలసినదాన్ని సగం వాక్యంలో ఆపేసి నిలబడేది, తరగతి సద్దుమణిగాక అదే స్వరంతో మిగతా సగం చెప్పేది. మాట్లాడేది తక్కువ కాబట్టి పిల్లలతో ఎక్కువ చేయించేది, వరసల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి దగ్గర వంగి మాట్లాడేది. ఆరు వారాల్లో ఆమె నోటు పుస్తకం నాదానికన్నా లావైంది. నలుగురి ముందు ఉపన్యాసమివ్వడానికి బెరుకు ఉన్నవాళ్లు ఒక పిల్లవాడి పక్కన కూర్చుని మాట్లాడడానికి సాధారణంగా జంకరు. మీరు ఏ రకమో ఇప్పుడే చూసుకోండి: ఫీజు కట్టే ముందు, తెలిసినవాళ్ల బడిలో అనుమతి తీసుకుని, ఒక వారం పాటు వెనకబడిన ఇద్దరు పిల్లలకు చదువు చెప్పండి. ఆ వారం తర్వాత కూడా వెళ్లాలనిపిస్తే చేరండి.

గొంతు గురించి ఒక్క జాగ్రత్త. బోధనాభ్యాసం మొదటి వారంలో చాలామందికి గొంతు రాసుకుపోతుంది. నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి, సుద్ద పొడి ఎగిరే చోట గట్టిగా మాట్లాడకండి, విరామంలో నోరు కట్టేసుకోండి. రెండు మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చిట్కాలతో కాలక్షేపం చేయకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించండి.